హలోగారి టెస్టు కాల్

కళ్ళాసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఆయన్ని అందరూ హలోగారంటారు. పాత ఫోన్లు తీసేసి, బ్రౌజర్‌లోనే కాల్స్ మాట్లాడుకునేలా ఓపెన్ సోర్స్ సర్వర్ ఒకటి పెడుతున్నాడు. పనిలో కూర్చున్నాడంటే చెప్పులు బల్ల కిందికి పోతాయి, కళ్ళజోడు నెత్తికెక్కుతుంది, ఎడమ కాలు దానంతటదే ఊగుతుంది. మూడు వారాలుగా ఆయన మాట ఇంటికి చేరుతోంది గానీ, ఇంటి మాట ఆయనకు చేరడం లేదు. ఒక సెట్టింగు మార్చడం, భార్య ల్యాప్‌టాప్‌కి కాల్ చేయడం, "వన్, టూ, త్రీ, వినబడుతోందా?" అని అడగడం, జవాబు రాక కట్ చేయడం. రోజుకి ఇరవైసార్లు ఇదే తంతు.

నిన్న పొద్దున మరో సెట్టింగు మార్చాడు. మధ్యాహ్నం ఆవిడే కాల్ చేసింది.

"ఏవండీ, డ్రైవింగ్ టెస్టు పాసయ్యాను!" అంది స్పీకర్లో.

"అబ్బ, గొంతు గంట కొట్టినట్టుంది! ఇంకో ముక్క చెప్పు."

"నాలుగోసారికి గట్టెక్కానండీ. రివర్సులో కూడా ఎక్కడా తగల్లేదు."

"ఎక్కడా తెగడం కూడా లేదు. భేష్!" అని కట్ చేసి, నోట్‌బుక్‌లో పెద్ద టిక్కు పెట్టాడు.

వెనకే నిలబడ్డ రిసెప్షనిస్టు నవ్వాపుకోలేకపోయింది. "సార్, మేడమ్ పాసయ్యారట."

ఆయన కాలు ఊగడం ఆగిపోయింది. గబగబా తిరిగి కాల్ చేశాడు.

"వన్, టూ, త్రీ. బ్రహ్మాండంగా వినబడుతోంది. ఉంటానండీ," అని ఆవిడ కట్ చేసేసింది.

మూడు వారాలు తిప్పలుపడి లైను బాగుచేసిన మనిషి, ఆ కబురు మళ్ళీ మొదట్నుంచి వినడానికి చెప్పులు కూడా తొడుక్కోకుండా ఇంటిదాకా పరుగెత్తాడు.