స్పిరిట్ దీపం మీద ఎంగిలి

దయ్యాలను నేను నమ్మను. ఇది జరిగాక కూడా నమ్ముతున్నానని చెప్పలేను. చిన్నప్పటి నుంచీ నాకు చీకటన్నా, ఇంట్లో ఒంటరిగా ఉండడమన్నా భయం లేదు. నాకు ఉన్నదల్లా అసహ్యం. ఒకరు తాగిన గ్లాసు ముట్టుకోను. పక్కన ఎవరైనా చెయ్యి అడ్డం పెట్టుకోకుండా తుమ్మితే ఆ రోజంతా నాకు అన్నం సహించదు. బెంగళూరు కె.ఆర్.పురంలో రైలు దిగి మెట్లెక్కేటప్పుడు, ఉమ్మిన మరకలుండే గోడల మూలల్లోకి చూడకుండా నడవడం నేర్చుకున్నదాన్ని. "దీనికి ఒళ్ళంతా ముక్కే" అని మా అమ్మ వేళాకోళం చేసేది.

అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడాను. భయపడి కాదు. తలుచుకుంటే ఇప్పటికీ లేచి వెళ్ళి ముఖం కడుక్కుంటాను.

మేము మహదేవపురలో ఒక ఇంట్లో పై వాటా అద్దెకు తీసుకుని ఉంటున్నాం. కింద ఇంటి ఓనరు జయమ్మగారు ఉంటారు. వాళ్ళది తరాల నాడే బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. మాది తెనాలి. మా ఆయన ఐటీలో పని చేస్తారు. సెలవు దొరికితే చాలు, స్నేహితులతో కలిసి కొండలెక్కడం ఆయన పిచ్చి. అక్కడ టీ కాచుకోవడానికని ఒక చిన్న బర్నర్ తెప్పించుకున్నారు. అరచేతిలో పట్టే ఇత్తడి డబ్బీ. మధ్యలో లావుపాటి వత్తి. లోపల స్పిరిట్ పోసి వెలిగించాలి, పని అయ్యాక మూత పెట్టి ఆర్పాలి. అంతే దాని సంగతి. కొత్తదే, పెట్టె నేనే విప్పాను. ఎవరో వాడి అమ్మేసింది కాదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

ఆ బర్నర్‌ని నేను లాక్కున్నాను. అప్పటికి నా ఉద్యోగం మానేసి శాటిన్ గుడ్డతో పూలు చేయడం మొదలుపెట్టాను. గుడ్డను రేకుల్లా కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, అంచును మంటకు చూపిస్తే రేకు ముడుచుకుని అచ్చం పువ్వు రేకులా వంపు తిరుగుతుంది. కొవ్వొత్తి మీద చేస్తే తెల్ల గుడ్డకు మసి అంటుతుంది. గ్యాస్ పొయ్యి మంట వెడల్పు, రేకు మొత్తం కాలిపోతుంది. స్పిరిట్ మంట సన్నగా, మసి లేకుండా ఉంటుంది. "అది నా క్యాంపింగ్ బర్నర్, నీ క్రాఫ్ట్ ఐటమ్ కాదు" అని ఆయన కొన్నాళ్ళు గొణిగి ఊరుకున్నారు.

సరిగ్గా అప్పుడే నాకు మొదటి పెద్ద పని వచ్చింది. నాతో ఇదివరకు ఆఫీసులో పనిచేసిన సుజాతక్క వాళ్ళ అమ్మాయికి పెళ్ళి. ఆ పిల్లకు మల్లెపూలు దగ్గరికొస్తే ఆయాసం. పెళ్ళికూతురు పూలజడ లేకుండా ఎలా అని సుజాతక్క బాధ. మొత్తం జడ శాటిన్ మల్లెలతో చేసి ఇస్తానని ఒప్పుకున్నాను. వందల కొద్దీ తెల్లటి రేకులు కావాలి. ఆ జడ కుదిరితే నా పని నలుగురికీ తెలుస్తుంది. కుదరకపోతే మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవడమే. పైగా ముహూర్తానికి ఆ పిల్ల తల బోసిగా ఉంటుంది, నా మాట నమ్మినందుకు.

ముందు బాల్కనీలో వెలుతురు బాగుంటుందని అక్కడే బల్ల వేసుకున్నాను. పొద్దున్నే పని మొదలుపెట్టేదాన్ని. మా ఇంట్లో దీపాన్ని నోటితో ఊదకూడదు. ఎంగిలి గాలి తగలకూడదని మా నాయనమ్మ పెట్టిన పద్ధతి. పూజ దీపమే కాదు, కరెంటు పోయినప్పుడు పెట్టుకున్న కొవ్వొత్తిని కూడా మేము చేత్తో విసిరి ఆర్పుతాం. ఇక స్పిరిట్ బర్నర్‌ని అసలే ఊదకూడదు, మంట చిమ్ముతుంది. మూత ఉన్నదే అందుకు. కాబట్టి మా ఇంట్లో ఆ బర్నర్ మీద ఊదేవాళ్ళు ఎవరూ లేరు.

ఒక రోజు రేకుల కోసం లోపలికి వెళ్ళి వచ్చేసరికి మంట ఆరిపోయి ఉంది. గాలికేమో అనుకుని వంగి చూశాను. వత్తి తడిగా ఉంది. స్పిరిట్ తడి కాదు. నురగ. జిగటగా, బుడగలు బుడగలుగా, ఎర్రగా. ముక్కుకు వాసన కొట్టింది. ఆకు, వక్క, సున్నం, పొగాకు, వాటన్నిటి కింద పళ్ళు తోమని పాచి నోటి కంపు. నేను వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తాను.

పావురాల పని అనుకున్నాను. బెంగళూరులో బాల్కనీ ఉందంటే పావురాల రెట్ట ఉన్నట్టే. డెట్టాల్‌తో కడిగి, వత్తి కొస కత్తిరించి మళ్ళీ వెలిగించాను. పావురం ఆకువక్క నమలదని నాకూ తెలుసు. కానీ మనసు ఏదో ఒకటి పట్టుకోవాలి కదా.

మర్నాడు మళ్ళీ అదే. ఈసారి బల్ల మీద పరిచిన తెల్ల రేకుల మీద కూడా ఎర్ర తుంపర్లు పడ్డాయి. నేను కూర్చునే వైపు నుంచి ఎవరో వంగి ఫూ అని ఊదితే ఎలా చిందుతాయో అలా, విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. ఎంత ఉతికినా మరక పోలేదు. ఆ రేకులన్నీ పారేశాను. భయం రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఎవడో వెధవ మా బాల్కనీలోకి వంగి ఉమ్ముతున్నాడని అనుకున్నాను. కానీ మాది పై వాటా. మా పైన డాబా తప్ప ఏమీ లేదు, దానికి జయమ్మగారి తాళం.

ఆ బర్నర్‌ని కాగితంలో పట్టుకుని జయమ్మగారి దగ్గరికే వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, నాలా ముక్కు మూసుకోకుండా, దగ్గరగా వాసన చూసింది.

"ఇది ఆకువక్క ఎంగిలే కదప్పా. పొగాకు కూడా ఉండాది. ఎవురు ఉమ్మినారు?"

"అదే మిమ్మల్ని అడుగుదామని వచ్చానండీ. డాబా మీదికి ఎవరైనా వస్తున్నారా?"

"తాళం నా నడుముకే ఉండాది. మా ఇంట్లో ఆకువక్క వేసేవాళ్ళు ఎవురూ లేరు. మా మామ వేస్తా ఉండె. ఆయన పొయ్యి శానా ఏండ్లాయె. అదీ ఈ ఇంట్లో కాదు, చిక్కపేట ఇంట్లో. ఈ ఇల్లు ఆయన చూడనే లేదు."

కాబట్టి ఆ ముసలాయన మీద తోసేయడానికి కూడా వీల్లేకపోయింది.

మా ఆయన నమ్మలేదు. "బ్రాస్‌లో ఏదో రియాక్షన్ అయ్యుంటుంది, లైట్ తీసుకో" అన్నారు. ఆ వారం బర్నర్‌ని తనతో కొండల మీదికి తీసుకెళ్ళారు. అక్కడ అందరికీ టీ కాచారు. ఒక్కసారి కూడా ఆరలేదు, వత్తి మీద ఏమీ లేదు. అంటే తప్పు బర్నర్‌లో లేదు. నేను ఇక్కడ, కాలేజీ ల్యాబుల్లో వాడే గాజు స్పిరిట్ దీపం ఒకటి తెచ్చుకుని బాల్కనీలో వెలిగించాను. దాని మీదా ఊదారు. అది కడిగే ఓపిక లేక గాజు దీపాన్ని చెత్తలో పడేసి, మళ్ళీ ఇత్తడిదే తీసుకున్నాను.

ఆదివారం పగలే పడకగదిలో కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, బర్నర్ వెలిగించి ఇద్దరం ఎదురుగా కూర్చున్నాం. ఆయన ఫోన్ చూసుకుంటూ నన్ను ఆటపట్టిస్తున్నారు. ఉన్నట్టుండి మంట ఆయన వైపు వాలింది. పడుకున్నట్టు పూర్తిగా వాలి, ఆరిపోయింది. ఏ చప్పుడూ లేదు. వత్తి మీద నురగ మాత్రం మా కళ్ళ ముందే బుడగలు పగులుతోంది. ఆయన చొక్కా మీద ఒక ఎర్ర చుక్క పడింది. ఆయన లేచి చొక్కా విప్పి స్నానానికి వెళ్ళిపోయారు. ఆ చొక్కా మళ్ళీ వేసుకోలేదు. ఆ విషయం గురించి జోకులు కూడా వేయలేదు.

"ఈ ఇల్లు మారిపోదాం" అని మాత్రం అన్నారు. పెళ్ళి దగ్గర పడింది, జడ సగం కూడా కాలేదు. ఇల్లు ఎలా మారను? మడివాళలో ఒక స్నేహితురాలి గదిలో చేద్దామంటే, అది పీజీ హాస్టలు, నిప్పు వెలిగించనివ్వరు. మొండిగా ఇక్కడే చేశాను. మాస్కు కట్టుకున్నాను, చేతులకు తొడుగులు వేసుకున్నాను, రేకులు మూత ఉన్న డబ్బాలో పెట్టుకున్నాను. మంట ఆరిపోయిందంటే ఊదేశారని అర్థం. తిట్టుకుంటూ వత్తి తుడిచి, కొస కత్తిరించి, స్పిరిట్ నింపి మళ్ళీ వెలిగించేదాన్ని. రోజూ అదే తంతు. మనిషి దేనికైనా అలవాటు పడతాడంటారు. అసహ్యానికి మాత్రం నేను అలవాటు పడలేదు. చేతులు అలవాటు పడ్డాయి, అంతే.

ఇక అసలు సంగతి.

మిట్టమధ్యాహ్నం. బాల్కనీలో ఎండ దంచేస్తోంది. సుజాతక్క ఫోన్ చేసి జడ ఎంతవరకు వచ్చిందని అడిగింది. రేపటికి ఇచ్చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేసి బల్ల వైపు తిరిగాను. మంట లేదు. మళ్ళీ ఊదినట్టుంది అనుకున్నాను. ఎండకు మాస్కులో ఊపిరాడక దాన్ని కాసేపు గడ్డం కిందికి లాగాను. వత్తి వైపు కూడా చూడకుండా కుడిచేత్తో స్పిరిట్ సీసా మూత తీసి, ఎడమచేతిలో రేకులకని కత్తిరించిన శాటిన్ రిబ్బన్‌తోనే వంగాను.

నా ముఖం మీద ఉమ్మారు.

ఇంకోలా ఎలా చెప్పాలో తెలియదు. గాలి కాదు. వెచ్చగా, తడిగా, బలంగా. కుడి చెంప మీదా, పెదవి మీదా పడింది. ఒక వక్క పలుకు పంటికి తగిలింది. నేను వెనక్కి తూలి గోడకు కొట్టుకున్నాను. సీసా చేతిలోనే ఉండిపోయింది. రిబ్బన్ మాత్రం జారి బర్నర్ మీద పడింది.

పడీ పడగానే అది పాములా మెలికలు తిరిగి, నల్లగా ముడుచుకుపోయింది.

మంట ఆరలేదు. వెలుగుతూనే ఉంది. ఎండలో స్పిరిట్ మంట కంటికి కనపడదు. అది నాకు తెలియని విషయం కాదు. కానీ రోజూ ఆరిపోయే మంట ఆ రోజూ ఆరిపోయే ఉంటుందనుకున్నాను. మండే దీపంలోకి స్పిరిట్ పోయబోయాను. ఒక్క చుక్క వంపితే మంట సీసాలోకి పాకేది. నా ముఖం సరిగ్గా దాని మీదే ఉంది.

సీసా మూత బిగించి, బర్నర్ మీద మూత పెట్టి, అప్పుడు అక్కడే వాంతి చేసుకున్నాను. సబ్బుతో చెంప ఎన్నిసార్లు కడిగానో. చర్మం మండే దాకా కడిగాను.

చప్పుడు విని జయమ్మగారు పైకి వచ్చింది. నల్లగా మాడిన రిబ్బన్ చూసింది, నా చెంప చూసింది. చెప్పాల్సినదంతా ఏడుస్తూనే చెప్పాను.

"నీ పాణం కాపాడినారప్పా ఎవురో. ఒక దండం పెట్టుకో" అంది.

నా వల్ల కాదన్నాను. నాకు ఒళ్ళు మండింది. రోజూ మంట ఆర్పింది ఎవరు? ఆరిపోయిందని తేలిగ్గా అనుకునే అలవాటు నాకు నేర్పింది ఎవరు? గొయ్యి తవ్వి, పడబోతుంటే చెయ్యి పట్టుకుంటే దానికి దండం పెట్టాలా? పట్టుకోవడం కూడా అలాగేనా, ముఖాన ఉమ్మి? ఇలాగే ఏదేదో అరిచాను.

"సుమ్మనే ఉండమ్మా, అరవద్దు. కొందరికి అంతే తెలుసు" అంది ఆవిడ.

జడ పూర్తయింది. మిగిలిన రేకులు ఎలా చేశానో నాకే తెలియదు, కానీ ఆ తర్వాత మంట ఒక్కసారి కూడా దానంతట అది ఆరలేదు. పెళ్ళిలో ఆ పిల్ల తల మీద జడ తెల్లగా మెరిసింది. పీటల మీద కూర్చున్నంతసేపూ ఆయాసం రాలేదు. సుజాతక్క నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఇప్పుడు నాకు పని బాగానే వస్తోంది. స్పిరిట్ పోసే ముందు ప్రతిసారీ రిబ్బన్ ముక్క ఒకటి వత్తి మీదికి జార్చి చూస్తాను. మీలో ఎవరైనా ఇలాంటి దీపం వాడుతుంటే మీరూ అలాగే చేయండి.

ఒకటి మిగిలింది. పెళ్ళి నుంచి వచ్చాక జయమ్మగారు నాతో చెప్పకుండా మా బాల్కనీ గోడ మీద తాంబూలం పెట్టి వెళ్ళింది. ఆకులు, వక్కలు, కాస్త సున్నం, చిన్న పొగాకు కాడ. నేను చూసి, తీసేయడానికి కూడా ముట్టుకోబుద్ధి కాక వదిలేశాను. పొద్దున వెళ్ళి చూస్తే తాంబూలం లేదు. కోతులు మా వీధికి రావు. గోడ మీద నమిలి ఉమ్మిన పిప్పి ఉంది, ఇంకా తడిగా. గోడ పొడవునా ఎర్రటి చార కారి ఉంది.

ఎవరు, ఎందుకు, మా ఇంటికే ఎందుకు, ఆ రోజు మంటను వదిలేసి నా మీదే ఎందుకు. తెలిసినవాళ్ళు చెబితే వింటాను. ఆ పొద్దున మాత్రం లోపలికి వెళ్ళి ఫినాయిల్ తెచ్చాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని గోడంతా రుద్ది కడిగాను. చేతులు సబ్బుతో తోముకుని, తుడుచుకుని, ఇటూ అటూ ఎవరూ లేరని చూసుకుని, ఖాళీ గోడకు ఒక దండం పెట్టాను.