జాలీ అవతలి దేవదూతలు

కాన్వెంటు చర్చి తాళాలన్నీ ఆమె నడుముకే వేలాడుతుంటాయి కాబట్టి అందరూ ఆమెను తాళాలక్క అంటారు. పెద్ద తలుపుది, గంట గదిది, కొవ్వొత్తుల బీరువాది, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఇనుప జాలీ పక్కనున్న చిన్న తలుపుది. ముప్పై ఏళ్లుగా ఊడుస్తున్న ఆ చర్చిలో ఆమె కడుపుమంటంతా ఆ ఒక్క తలుపు మీదే.

ఆ చర్చి రెండు ముక్కలు. ముందువైపు జనం కూర్చుంటారు. బలిపీఠం పక్కన గోడంత జాలీ, దాని వెనక నల్ల తెర, ఆ వెనక బయటికి రాని సిస్టర్ల ప్రార్థన గది. వాళ్ల ముఖాలు జనానికి తెలియవు. కట్టి నూట యాభై ఏళ్లయినా పద్ధతి అదే. తాళాలక్క పుట్టబోయే ఏడు గాలివానకు ఆ గది కప్పు కూలితే, కొత్త కప్పు చుట్టూ పన్నెండుమంది ప్లాస్టరు దేవదూతల్ని పెట్టింది ఆమె నాన్నే.

"అందులో ఒకరికి మీ అమ్మ ముఖం పెట్టానే," అని ఆమె చిన్నప్పుడు ఆయన చెప్పాడు. ఆ ఒకరు ఎవరో చెప్పకుండానే పోయాడు. అమ్మ పోయేనాటికి తాళాలక్కకు రెండేళ్లు. ఒక్క ఫొటో లేదు. అమ్మ ముఖమంటూ ఎక్కడైనా ఉంటే ఆ కప్పు మీదే ఉండాలి.

ఇంట్లో ఎనభై ఏళ్ల పిన్ని ఒప్పుకోదు. "నువ్వు కడుపులో ఉన్నావు. గంటలకొద్దీ కదలకుండా కూర్చోవడం మా అక్క వల్ల అయ్యే పనా? మీ నాన్న బొమ్మకు ఎదురుగా కూర్చుంది నేను. ఆ ముఖం నాది."

లోపలికి డాక్టరు వెళ్తాడు, ప్లంబరు వెళ్తాడు. ఊడ్చేవాళ్లకే పనిలేదు. సిస్టర్లు తమ గది తామే ఊడ్చుకుంటారు. సామాన్లు అందించే తిరుగుడు బీరువా దగ్గర నిలబడి తాళాలక్క ఒకసారి సిస్టర్లకు పెద్దయిన మదర్‌నే అడిగేసింది.

"మదర్, పైన దేవదూతల్లో ఒకరు వేరేగా ఉంటారా?"

"ప్రార్థనలో తల దించుకుంటాం గానీ పైకి చూస్తామా అమ్మా?" అంది చెక్క వెనక గొంతు.

"నలభై ఏళ్లలో ఒక్కసారైనా?"

"నాకు మెడనొప్పి."

కిందటి నెల కరెంటు పనివాడు లోపలికెళ్లి వస్తే తాళాలక్క దారికి అడ్డం నిలబడింది. "ఏం చూశావు తమ్ముడూ?"

"వైర్లక్కా. ఎలుకలు కొరికేశాయి."

"దేవదూతలు?"

"ఉన్నట్టున్నారు. ఫ్యానుకు అడ్డమొస్తున్నారు."

చీపురుతో ఒకటిద్దామనిపించింది. కానీ ఈ వారం అతనే దారి చూపించాడు. తోడు రావాల్సినవాడికి జ్వరమట, నిచ్చెన పట్టుకునే మనిషి కావాలన్నాడు. మదర్ సరేనంది. చిన్న తలుపు తెరుచుకుంది. "కళ్లు నిచ్చెన మీదే ఉంచక్కా, నేను పడితే నా పెళ్లాం నిన్ను వదలదు," అంటూ పైకెక్కాడు. కాసేపటికి మెయిన్ ఆపాలని దిగి బయటికి పోయాడు. అంతే, తాళాలక్క చీర దోపుకుని గబగబా ఎక్కేసింది.

ఎదురుగా బూరె బుగ్గల పిల్లముఖం. ఎడమ చెంప మీద చిన్న గుంట. చెవి వెనక సన్నటి అతుకు గీత. పక్కదానికీ అదే గుంట, అదే గీత. మూడోదానికీ అంతే. చుట్టూ చూసింది. పన్నెండూ ఒకే అచ్చు. ఆ గీత ఆమెకు తెలియక కాదు, చిన్నప్పుడు నాన్న కొనుక్కొచ్చిన అచ్చులకు నూనె రాసింది తనే కదా.

ఎప్పుడొచ్చిందో, కింద మదర్ దగ్గింది. తాళాలక్క దిగింది. మళ్లీ నిచ్చెన పట్టుకుని నిలబడింది. నాన్న బతికుంటే కడిగేసేది. చేతకానప్పుడు చేతకాలేదని చెప్పొచ్చుగా! చిన్నపిల్లకు అంత ఆశ పెట్టి పోవడమేమిటి?

ఇంటికొచ్చేసరికి పిన్ని గుమ్మంలోనే ఉంది. "చూశావా? నాదే కదూ?"

"నీదీ కాదు, మా అమ్మదీ కాదు. పన్నెండూ ఒకటే. అచ్చులో పోసినవి!"

పిన్ని కాస్త ఆలోచించింది. "అయితే పన్నెండూ నేనే."

తాళాలక్క తాళాల గుత్తిని బల్ల మీదికి విసిరింది. "నీకు దణ్ణం పెడతా పిన్నీ. ఆ బొమ్మల సంగతి ఒదిలెయ్. మా అమ్మ ముక్కెలా ఉండేదో చెప్పు. ఇన్నేళ్లలో నిన్నెప్పుడూ అడగలేదు."

"ముక్కా? అచ్చం నా ముక్కే," అంది పిన్ని. "కాకపోతే కొంచెం వంకర."