చిటికెన వేలు: ప్రాధాన్యం తక్కువ

అమెరికాలో, డాలస్ పక్కన కాపెల్‌లో నేను అద్దెకుండే గది ఒక తెలుగు కుటుంబం ఇంట్లో, మేడ మీద ఉంది. ఆ ఇంటి ఆంటీవాళ్ళది కరీంనగర్. వాళ్ళమ్మాయి ఇక్కడే పుట్టింది, అప్పటికి హైస్కూల్ చివరి సంవత్సరం, గిటార్ చాలా బాగా వాయిస్తుంది. అక్టోబరులో నేనొక గిటార్ కొనుక్కొస్తే మొదటి అభ్యాసం ఆ అమ్మాయే చూపించింది. గిటార్ మెడ మీద అడ్డంగా సన్నని కమ్మీలుంటాయి, వాటి మధ్యవి గడులు. మొదటి గడిలో చూపుడు వేలు, రెండో గడిలో మధ్య వేలు, మూడో గడిలో ఉంగరపు వేలు, నాలుగో గడిలో చిటికెన వేలు. ఒక్కొక్కటే నొక్కుతూ పోవాలి. ఆరు తీగల మీదా ఇంతే.

"వేళ్ళు స్ట్రింగ్స్‌కి క్లోజ్‌గా ఉండాలి. రైట్‌గా ప్లే చేస్తే అన్నా అంటాను. రాంగ్ అయితే అంకుల్," అంది. నాకు ఇరవై ఏడు.

ఆ తర్వాత తను కాలేజీ అప్లికేషన్లలో పడిపోయింది. నేను తలుపు వేసుకుని నా పద్ధతిలో సాధన మొదలుపెట్టాను. సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడం నా ఉద్యోగం. తప్పులు పట్టుకుని, ఏది ఇవాళే సరిచేయాలో, ఏది తర్వాతైనా ఫర్వాలేదో రాసిపెట్టాలి. గిటార్‌కీ అలాంటి పట్టికే తయారుచేశాను: తేదీ, తాళం కొట్టే మెట్రోనోమ్ వేగం, ఎన్ని నిమిషాలు, ఎన్ని స్వరాలు తప్పాయి, గమనికలు. నిమిషానికి అరవై దెబ్బలతో మొదలుపెట్టాను. మూడు రోజులు వరుసగా ఒక్క స్వరమూ తప్పకపోతే రెండు దెబ్బలు పెంచాలని నియమం. ఎనిమిది నెలల్లో ఒక్కరోజు కూడా మానలేదు. జూన్‌కల్లా నూట ఇరవైకి చేరాను.

పరీక్షలయ్యాక ఒక సాయంత్రం ఆ అమ్మాయి నా తలుపు కొట్టింది. తను ఆగస్టులో కాలేజీకి వెళ్ళిపోతోంది. వెళ్ళేముందు ఇంట్లో పార్టీ. అందులో తను సొంతంగా కట్టుకున్న పాట వాయిస్తుందట. దాని వెనక నేపథ్యంగా నాలుగు స్వరాలు మొదటి నుంచి చివరి దాకా తిరుగుతూనే ఉండాలి.

"అది మీరు ప్లే చేస్తారా?"

నాకు అప్పటిదాకా ఒక్క పాట కూడా రాదు. ఇంకొకరి పక్కన కూర్చుని వాయించమని ఎవరైనా అడుగుతారని కూడా అనుకోలేదు. వెంటనే ఒప్పుకున్నాను. తొంభై వేగం చాలంది. నేను గొప్పగా నూట ఇరవైలో నా అభ్యాసం వాయించి చూపించాను.

తను వినడం లేదు, నా ఎడమ చెయ్యి చూస్తోంది.

"అంకుల్," అంది మెల్లగా. "మీ పింకీ."

ఉంగరపు వేలు నొక్కిన ప్రతిసారీ నా చిటికెన వేలు తీగను వదిలి నిటారుగా లేచి నిలబడుతోంది. వంతు రాగానే పైనుంచి దూకి తీగను గట్టిగా కొడుతోంది. ఒక్కొక్క స్వరంగా అయితే వినడానికి సరిగ్గానే ఉంది. తన నాలుగు స్వరాల్లో మాత్రం చిటికెన వేలు రెండుసార్లు వస్తుంది. అక్కడ స్వరాలు ఆగకుండా ఒకదానిలోకి ఒకటి జారాలి. వాయించి చూస్తే నాది ప్రతిసారీ తెగింది, పెద్ద చప్పుడుతో పడింది.

ఉతికిన బట్టలు తీసుకుని అటుగా వెళ్తున్న ఆంటీ ఆగి చూసింది.

"ఏంది బాబూ, గా వేలు? గంట సంది ఒకటికి పోతనని అడుగుతున్నది. పంపియ్యరాదు పాపం."

నేను నవ్వాను. మా బడిలో కూడా చిటికెన వేలు చూపిస్తేనే బాత్రూంకి పంపేవాళ్ళు.

"అంటే ఏంటి మమ్మీ?"

"నీకు తెల్వదు తీ."

వాళ్ళు వెళ్ళాక పట్టిక తెరిచి వెనక్కి పోయాను. పదకొండో రోజు గమనికల్లో నేనే రాసుకున్నాను: 'చిటికెన వేలు లేస్తోంది. శబ్దానికి ఇబ్బంది లేదు. ప్రాధాన్యం: తక్కువ. తర్వాత చూడాలి.' ఆ తర్వాత ఆ మాట ఎక్కడా లేదు. స్వరాలు తప్పలేదు కాబట్టి వేగం పెంచుకుంటూ పోయాను. రోజూ నలభై నిమిషాల చొప్పున ఎనిమిది నెలలు ఆ వేలికి లేవడమే నేర్పాను.

పార్టీకి తొమ్మిది వారాలున్నాయి. నలభై వేగానికి దిగిపోయాను. ఎదురుగా అద్దం పెట్టుకున్నాను. కొత్తిమీర కట్టకు వచ్చిన రబ్బరు బ్యాండుతో చిటికెన వేలిని ఉంగరపు వేలికి కట్టాను. అప్పుడు రెండూ కలిసి లేచాయి. ఫోన్‌తో వీడియో తీసి నిదానంగా చూశాను. వేలు లేవడం నాకు తెలిసేలోపే లేచిపోతోంది. నలభైలో, కళ్ళార్పకుండా చూస్తే, తీగ దగ్గరే ఉంటుంది. నలభై నాలుగులో వెళ్ళిపోతుంది. చూపు తిప్పితే నలభైలోనూ వెళ్ళిపోతుంది. ఆఫీసులోనైతే పాత తప్పున్న భాగాన్ని తీసేసి కొత్తగా రాయిస్తాం. చేతికి అలాంటిదేమీ లేదు.

ఆగస్టు మొదటి వారానికి యాభై రెండుకు చేరాను. కిందికి వెళ్ళి ఆ అమ్మాయికి చెప్పాను, నావల్ల కాదని.

"ఇంకెవరినైనా పెట్టుకో. నేను కింద కూర్చుని వింటాను."

"నో. ఎవ్రీవన్‌కి చెప్పేశాను." కాసేపు ఆలోచించింది. "ఓకే. సిక్స్త్ స్ట్రింగ్ ఓపెన్. బార్‌కి ఒక్కసారి. లెఫ్ట్ హ్యాండ్ అక్కర్లేదు."

అంటే అన్నిటికన్నా లావుపాటి తీగ, ఏ వేలూ నొక్కకుండా, నాలుగు దెబ్బలకు ఒకసారి. గిటార్ మొదటిసారి ముట్టుకున్నవాడు కూడా వాయించగలడు. సరే అన్నాను.

పార్టీ రోజు బయట ఎండ మండిపోతుంటే అందరూ హాల్లోనే సర్దుకున్నారు. తను మొదలుపెట్టింది. నేను కుడి బొటనవేలితో తీగ మీటాను, నాలుగు లెక్కపెట్టాను, మళ్ళీ మీటాను. తప్పలేదు. పాట సగానికి వచ్చేసరికి గోడ వారన నిల్చున్న అంకుల్స్‌లో నవ్వు మొదలైంది. ఒకాయన ఉండబట్టలేక అన్నాడు:

"బాబూ, టీచర్ పర్మిషన్ ఇచ్చింది గానీ, వెళ్ళిరా!"

ఎడమ చెయ్యి వైపు చూసుకున్నాను. మూడు వేళ్ళు గిటార్ మెడ చుట్టూ ఊరికే ఆని ఉన్నాయి. వాటికి పనే లేదు. చిటికెన వేలు నిటారుగా నిలబడి ఉంది. దించాను. నాలుగు లెక్కపెట్టి మీటేసరికి మళ్ళీ లేచింది. కావాలని చేస్తున్నాననుకుని ఇంకా నవ్వారు. ఆంటీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పాట అయ్యాక చప్పట్లు కొట్టారు. ఆ నవ్వు దేనికో ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నా వైపు, నా చెయ్యి వైపు చూసింది.

"బాగా ప్లే చేశారు, అన్నా," అంది.