సవారీలో అన్న మాట

ఖమ్మంలో ఉంటూ నలభై ఏళ్లుగా భద్రాచలం చూడలేదంటే జనం నవ్వుతారు. చూడలేదు, ఏం చేయమంటారు? సారపాక దాకా ఎన్నోసార్లు వెళ్లాను, పరుపులు దింపి వచ్చాను. అక్కడి నుంచి గోదావరి మీది వంతెన కనబడుతుంది. అది కనబడగానే నా మోకాళ్లలో సత్తువ పోతుంది, నోరు ఎండుతుంది, గుండె గొంతులోకి వస్తుంది. అవతలి ఒడ్డున సరుకు కావాలన్నవాళ్లను మీరే బండి తెచ్చుకుని తీసుకుపొమ్మనే వ్యాపారిని ఈ భూమ్మీద నేనొక్కడినే అయ్యుంటాను.

మేం దూదేకుల వాళ్లం, ముస్లింలమే. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా ఊరు కారేపల్లి దగ్గర. నాయన దూది ఏకేవాడు, పీర్ల పండుగకు ఊళ్లో పెద్ద పీరును ఎత్తుకునేవాడు. ఊదు పొగ వేసి డప్పులు అందుకోగానే ఆయన మీదికి సవారీ వచ్చేది, అంటే పీరు పూనేది. చూపు మారిపోయేది, గొంతు మారిపోయేది. పడిపోకుండా ఇద్దరు మనుషులు వెనక నుంచి నడుముకు కట్టిన దట్టీని పట్టుకునేవాళ్లు. హిందువులూ ముస్లింలూ వరసగా వచ్చి అడిగేవాళ్లు, బావిలో నీళ్లు పడతాయా, కోడలు కాపురానికి వస్తుందా అని. ఆయన నోట పీరు చెప్పేది. మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. సవారీలో ఏం చెప్పాడో, అది దిగాక ఆ మనిషికి ఎవరూ చెప్పకూడదు. ఆ మాటలు ఆయనవి కావు కాబట్టి ఆయనకు తెలియనక్కర్లేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నాయన మీదున్న పీరు నా వైపు తిరిగింది. నేనేమీ అడగలేదు. "గోదారి దాటినవంటే పోతవ్" అన్నది. డప్పులు ఆగిపోయాయి. అమ్మ నన్ను కొంగులో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. కట్టుబాటు ప్రకారం నాయనకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

దాటకపోతే వచ్చే నష్టమేమీ లేదు కాబట్టి బతుకు గడిచిపోయింది. నా భార్య పోయాక కూతుర్ని నేనే పెంచాను, ముసలి నాయన ఇప్పటికీ ఖమ్మంలో నా దగ్గరే ఉంటాడు. అల్లుడికి ఖమ్మంలోనే ఉద్యోగం కదా అని పెళ్లికి ఒప్పుకున్నాను. పెళ్లయిన ఆర్నెల్లకు బదిలీ అయింది, ఎక్కడికో కాదు, భద్రాచలానికే. ఆ తర్వాత కూతురికి నెలలు నిండుతున్నప్పుడు డాక్టరమ్మ మంచం దిగొద్దన్నది, బస్సు ప్రయాణం అసలే వద్దన్నది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలంటారు. తల్లి లేని పిల్లకు పుట్టిల్లంటే నేనే. నేను రాలేకపోతే నువ్వన్నా రా నాయినా అని ఫోనులో అడిగింది. రెండుసార్లు బస్సెక్కాను. రెండుసార్లూ సారపాకలో దిగిపోయి, బస్సు చెడిపోయిందని అబద్ధం చెప్పాను.

గుండె జబ్బేమోనని దవాఖానాకు వెళ్తే, గుండె బాగానే ఉందని చెప్పి మానసిక చికిత్స చేసే ఒక మేడమ్ దగ్గరికి పంపారు. ఆమె నా కథలో కొంత విని, హిప్నాసిస్ చేద్దామన్నది. అదేమిటంటే, మనసు ఒకచోట నిలిచి మిగతావన్నీ పక్కకు పోయే స్థితి అని చెప్పింది. నాకు అర్థమైంది మాత్రం సవారీ.

అందుకే మర్నాడు తలస్నానం చేసి, పొద్దుటి నుంచి ఏమీ తినకుండా, చెప్పులు లేకుండా, పీరుకు పెట్టినట్టే సంచిలో ఊదూ, బెల్లం షర్బత్ సీసా పెట్టుకుని వెళ్లాను. గదిలో ఒక మెత్తటి కుర్చీ ఉంది. దాంట్లో కూర్చోకుండా నిలబడ్డాను. ఎక్కిందేదో దిగకపోతే? నా నోటితో ఇంకెవరి చావు చెబుతానో? మేడమ్ తప్ప గదిలో మరో మనిషి కూడా లేడు.

"మేడమ్, నన్ను ఎన్క నుంచి ఎవరు పట్టుకుంటరు?" అని అడిగాను.

ఎందుకని అడిగితే అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు, సంచి కుర్చీ పక్కనే పెట్టుకోమన్నది. మీ మీదికి ఎవరూ రారు, దూది ఏకుతున్నప్పుడు పొద్దు ఎటు పోయిందో తెలియదు చూడండి, ఇదీ అలాంటిదే అన్నది. నేనేమన్నా నాకు మాత్రం చెప్పొద్దని బతిమాలాను.

"నేను చెప్పేదేముంటుంది? మీరన్నది మీకే వినిపిస్తుంది" అన్నది.

నమ్మలేదు. అయినా కూర్చుని కళ్లు మూసుకున్నాను. నాయన దూది ఏకే విల్లు మోత తలచుకోమన్నది, ఊపిరి లెక్కపెట్టమన్నది. చేతులు బరువెక్కాయి. ఎక్కడో లోపలికి దిగినట్టయింది. భయం ఎప్పుడు మొదలైందని అడిగితే నా నోరు దానంతటదే చెప్పుకుపోయింది. కానీ ఫ్యాన్ టకటకమనడం వినిపిస్తూనే ఉంది. కింద ఎవడో ఆటోవాడితో పోట్లాడుతున్నాడు, అదీ వినిపించింది. లేవాలనుకుంటే లేవగలను, లేవాలనిపించలేదు, అంతే.

కళ్లు తెరిచాను. నాకు అన్నీ వినిపించాయి, నేనన్న మాటలతో సహా. మరి సవారీలో నాయనకు?

ఆ తర్వాత ఇంకో మూడుసార్లు వెళ్లాను. కళ్లు మూసుకుని, మేడమ్ మాట వెంట, మనసులోనే వంతెన మీద సగం దాకా నడిచాను. అక్కడ గోదారికంటే నాయన ముఖం ఎక్కువ భయపెట్టింది. అడగకూడనిది అడిగితే ఏమవుతుందోనని వారం రోజులు ఆయన పక్కన కూర్చుని అన్నం తింటూ నోరు విప్పలేదు. చివరికి ఒక మధ్యాహ్నం, పరుపు అంచు కుడుతున్న ఆయన ముందు కూర్చుని, ఆ రోజు పీరు నాతో అన్నది నీకు వినబడిందా అని అడిగేశాను.

సూది ఆగింది.

"మిగిలిన మాటలు ఎక్కడ్నుంచి వస్తుండెనో నాకు తెల్వదురా. పీరు మీద ఒట్టు. ఆ ఒక్క మాట నాది."

ఎండాకాలం గోదారి ఒడ్డున ఉన్న అమ్మమ్మ వాళ్ల ఊరికి వెళ్లినప్పుడు నేను పిల్లలతో నీళ్లలోకి దిగి అవతలి ఇసుక దిబ్బల దాకా ఈదబోవడం చూశాడట. కొట్టాడు, తిట్టాడు, నేను వినలేదు. పీరు మాటైతే నేను వింటానని సవారీలో ఆ మాట అనేశాడట. ఆ మరుసటి యేడే పీరు ఎత్తుకోవడం మానేశాడు. భుజం నొప్పి అని మేమంతా అనుకున్నాం.

"ఇన్నేండ్లు చెప్పలేదేంది నాయినా?"

"ఒక్కటి అబద్ధమంటే ఊరోళ్లకు చెప్పినయన్ని అబద్ధమైతయ్. నువ్వు ఏనాడో మర్సిపోయినవనుకున్న."

కోపం ఆపుకోలేకపోయాను. నా కూతురి ఇల్లు ఏ రంగులో ఉందో నాకు తెలియదు, అదంతా నీ పుణ్యమే అని అరిచాను. ఆయన ఏడ్చాడు.

రెండు రోజులకు, పొద్దున్నే అల్లుడు ఫోన్ చేశాడు. నొప్పులు మొదలయ్యాయి, ఆస్పత్రిలో చేర్చాను అన్నాడు. బస్సెక్కాను. నిజం తెలిస్తే భయం పోతుందని చెప్పేవాళ్లు ఎన్నడూ భయపడి ఉండరు. పాల్వంచ దాటాక అన్నీ మామూలే, ఎండిన నోరు, చచ్చుపడ్డ కాళ్లు. మేడమ్ చెప్పినట్టు ఊపిరి లెక్కపెట్టాను, లెక్క తప్పింది. సారపాకలో బస్సు ఆగేసరికి తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఒక కాలు మెట్టు మీద ఉంది. దిగితే ఈసారి ఏ అబద్ధం చెప్పాలా అని ఆలోచిస్తూ అల్లుడికి ఫోన్ చేశాను. అతను ఎత్తి నా కూతురి చెవి దగ్గర పెట్టాడు.

"బిడ్డా, బ్రిడ్జి కాడున్న. నాకు భయమైతుంది" అన్నాను. ఆ మాట ఎవరితోనూ ఎప్పుడూ అలా అనలేదు. నా నోట అదెలా వచ్చిందో తెలియదు.

అటు నుంచి నొప్పికి మూలిగింది.

"నాకు గూడ భయమైతుంది నాయినా. జల్దీ రా" అన్నది.

కండక్టర్ దిగుతావా లేదా అని అడిగాడు. లేదని చెప్పి, వెనక్కి వచ్చి సీట్లో కూర్చున్నాను.