వంతెన కింద వెల్లకిలా

మొన్న మా మనవరాలి పసిగుడ్డుకు నీళ్ళు పోసి ధూపం వేసే సందడిలో ఉన్నారు ఇంట్లోవాళ్ళు. పొయ్యి మీద ఆముదం కాగుతోంది. ఎవరి చెయ్యి తగిలిందో ఏమో, గుగ్గిలం ముక్క ఒకటి ఆ ఆముదంలో పడి కరిగిపోయింది. ఆ వాసన ముక్కుకు తగలగానే మంచం మీదినుంచి దిగ్గున లేచి కూర్చున్నాను. పొగ పడలేదా నాన్నమ్మా అని మనవరాలు కంగారుపడింది. పొగ కాదు తల్లీ, నూనెలో కాగిన గుగ్గిలానిది ధూపం వాసన కాదు, పడవ వాసన అన్నాను. నాకు చాదస్తం ముదిరిందన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. ఈ క్యాంపులో ఒకప్పుడు పడవ నడిచిందంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. నడిచింది. నేనే నడిపాను. నాకు నేర్పినావిడ మాణిక్యమ్మ పిన్ని.

మేం కర్ణాటకలో సింధనూరు దగ్గరి ఈ క్యాంపుకు, అంటే కాలువ కింద భూములు కొనుక్కుని వచ్చిన తెలుగు రైతుల ఊరికి, వచ్చింది అరవైల్లో, తుంగభద్ర కాలువ నీళ్ళు పొలాలకు అందిన కొత్తలో. నేను పుట్టింది మెట్ట ఊళ్ళో. బావిలో చేద వేసినప్పుడు తప్ప నీళ్ళ మొహం ఎరగను. మోకాలి లోతు నీళ్ళంటే కూడా నాకు గుండె దడ. మేం వచ్చిన మరుసటి ఏడు మాణిక్యమ్మ వచ్చింది. ఆవిడ తమ్ముడు అప్పటికే మా క్యాంపులో కూలి చేసుకుంటున్నాడు. ఇరవై రెండేళ్ళు గోదావరి కాలువల మీద బియ్యం పడవలో బతికిన మనిషి ఆవిడ. మొగుడు గట్టు మీద నడుస్తూ తాడు పట్టి పడవను లాగితే, ఆవిడ వెనక కూర్చుని చుక్కాని పట్టేది. వంట అక్కడే, పురుళ్ళు కూడా అక్కడేనట. లారీలు వచ్చాయి, పడవల పని పోయింది, ఆ వెనకే మొగుడూ పోయాడు. ఇక్కడ పెద్ద కాలువ పడింది, నువ్వూ వచ్చెయ్యమని తమ్ముడు కబురు పెట్టాడు. కాలువ అనే మాట వింటే ఆ సీమ మనిషికి ఇంకేం తోస్తుంది? పడవ అమ్మేస్తూ చుక్కాని మాత్రం ఊడదీసుకుని, గోనెలో చుట్టి రైల్లో రాయచూరు దాకా మోసుకొచ్చింది. స్టేషన్లో టిక్కెట్టు బాబు ఉర్దూలో అడిగాడట, కన్నడంలో అడిగాడట. రెంటికీ ఈవిడ "చుక్కానండి" అనే చెప్పింది. తలుపు చెక్క అనుకుని వదిలేశాడు.

క్యాంపులో దిగగానే తమ్ముణ్ణి ఆవిడ అడిగిన మొదటి మాట, పడవల రేవు ఎక్కడరా అని. నెల రోజులు అందరికీ అదే వినోదం. పొలాలు తడపడానికి తవ్విన కాలువలో పడవేమిటి, పిచ్చిది కాకపోతే! నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. నాకు నోరు కాస్త ఎక్కువ కాబట్టి రెండాకులు ఎక్కువే నవ్వాను. మా ఇళ్ళల్లో ఆవిణ్ణి "మాణిక్యం" అని పిలిచేవాళ్ళం. దొడ్డిదారిన వచ్చి పని చేసి దొడ్డిదారినే పోయేది. ఆవిడకి విడిగా ఒక సత్తు గ్లాసు ఉండేది. ఈ సంగతి రాయాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

కాలువకు రాళ్ళు పరిచే రోజుల్లో గుత్తేదారు వాడి వదిలేసిన పడవ ఒకటి క్యాంపు దగ్గర బోర్లాపడి ఉండేది. దాని కింద మేకలు పడుకునేవి. మాణిక్యమ్మ కన్ను దాని మీద పడింది. సాయంత్రం పని కాగానే వెళ్ళి దాన్ని తడుముతూ కూర్చునేది, పశువు ఒళ్ళు తడిమినట్టు. ఒకరోజు మా ఇంటికి వచ్చి పాత చీరలుంటే ఇమ్మంది. ఆ చీరలు చింపి, పేని, చెక్కల సందుల్లో కూరి, పైన నూనెలో కాచిన గుగ్గిలం పోసింది. నేను ఊరికే చూడ్డానికి వెళ్ళి, చివరికి గరిటె పట్టుకుని తిప్పాను. రైల్లో మోసుకొచ్చిన తన చుక్కానిని ఆవిడ దాని వెనక బిగించింది. కాలువ కాపలా చూసే లష్కరు హనుమంతు కృష్ణ ఒడ్డువాడు, దేవదుర్గం వైపు. పై అధికారికి తెలిస్తే ఏమవుతుందోనని వాడి భయం వాడిది.

"మా దిక్కు కృష్ణల పుట్టి నడుస్తది, గుండ్రంగ ఉంటది. గిట్ల ముక్కున్నది నేనెన్నడు జూడలే," అని వాడు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సాబుకు తెలిస్తె నా నౌకరి పోతది. గిది నేను జూడనే లేదు. నేను జూడనప్పుడు మీరేమన్న జేస్కోండ్రి."

అలా వాడు చూడకుండా ఉండగానే, వాడి చేత్తోనే ఒక పట్టు పట్టి పడవను నీళ్ళలోకి తోశాం. అది తేలింది. ఇక దానితో పనేమిటని మళ్ళీ అందరూ నవ్వారు.

ఆ ఏడు కార్తీకం వెళ్ళాక పట్టింది ముసురు. మాకు అంతకుముందు ఏడాది పంట చౌడు పాలైంది. అప్పుడే మా మామగారు ఉత్తరం రాశారు, ఈ పంట కూడా చేతికి రాకపోతే ఇల్లు మూసి వచ్చెయ్యమని. వచ్చెయ్యడమంటే బావగారి పంచన, తోడికోడలి వంటింట్లో, ఆవిడ కొలిచి ఇచ్చిన బియ్యం వండుకుంటూ బతకడం. ఇక్కడ నాకున్నవి రెండు గదులే, కప్పు రేకులే. అయినా పొయ్యి నాది, గిన్నె నాది, ఇవాళ ఏం వండాలో చెప్పే నోరూ నాదే. పంట బాగా వచ్చింది. నూర్చి బస్తాలకెత్తి కళ్ళంలోనే పెట్టాం. సరిగ్గా అప్పుడే మా ఆయన బండి మీదినుంచి పడి కాలు విరగ్గొట్టుకుని రాయచూరు ఆసుపత్రిలో చేరారు. మర్నాటినుంచి వాన. మా కళ్ళం క్యాంపుకు మైలున్నర ఎగువన, కాలువ గట్టునే. మధ్యలో ఉన్నదంతా నల్లరేగడి. పంపిన రెండు బళ్ళూ ఇరుసు దాకా దిగబడిపోయాయి. ఎద్దుల్ని విప్పి తెచ్చుకోవడమే గగనమైంది. రెండోనాడు నేను తడుస్తూ వెళ్ళి అడుగు బస్తాలో చెయ్యి పెట్టి చూశాను. లోపల వెచ్చగా ఉంది. ధాన్యం వెచ్చబడిందంటే ఇక మొలకే. అక్కడే ఆ బురదలో కూలబడి ఏడ్చాను.

వెనకనుంచి మాణిక్యమ్మ వచ్చింది. ఓదార్చలేదు. క్యాంపులో రేకుల షెడ్డు ఖాళీగా ఉందా అని అడిగి, ఉందంటే, "అయితే లెగండి అమ్మాయిగారూ. కాలవ ఉండగా బళ్ళతో పనేటండి?" అంది.

పడవను తాడు కట్టి ఎగువకు లాక్కుపోవాలి. క్యాంపు దాటగానే బళ్ళు పోయే వంతెన ఉంది. వానకు కాలువ నిండుగా ఉండడంతో నీటికీ వంతెనకూ నడుమ సందు తగ్గిపోయింది. పడవ ముక్కు దూరింది గానీ, వెనక భాగం పైన తగిలి జానెడులో ఆగిపోయింది. వంతెన మీద గొడుగులేసుకుని క్యాంపు క్యాంపంతా తమాషా చూస్తోంది. అందరికంటే ముందు కోటయ్యగారు, మా క్యాంపులో పెద్ద రైతు, మనిషి కూడా పెద్దే. పడవ వంతెనెక్కి దాటుతుందేమో చూడు మాణిక్యం అని ఆయన అంటే అందరూ ఘొల్లుమన్నారు. నాకు కాలువలో దూకి చావాలనిపించింది. మాణిక్యమ్మ మాత్రం తలెత్తి ఆయన్ని పైనుంచి కింది దాకా ఒకసారి కొలిచింది.

"నవ్వింది చాలు గానీ కిందికి రండి బాబూ, తమరిలాంటోరే కావాలి. పడవకి బరువు చాల్లేదు. బక్కోళ్ళు తాడు పట్టండి, బాగా తిన్నోళ్ళు ఎక్కండి."

ఏమనుకున్నారో, కోటయ్యగారు దిగి వచ్చి ఎక్కారు. ఆయన ఎక్కాక మిగతావాళ్ళు ఆగుతారా? పదిమందీ ఎక్కేసరికి పడవ జానెడు కిందికి దిగింది. వాళ్ళందర్నీ వెల్లకిలా పడుకోమంది. హనుమంతు వంతెన అవతలినుంచి తాడు కొసను ఎండు కొమ్మకు కట్టి వదిలాడు, నీళ్ళే దాన్ని తెచ్చి మాకు అందించాయి. అవతల బక్కవాళ్ళు లాగుతుంటే, ఇవతల పడుకున్నవాళ్ళు వంతెన అడుగుకు కాళ్ళు తన్నిపెట్టి, గోడ మీద బల్లుల్లా పైకప్పు మీద నడిచారు. పంచె ఎగ్గట్టి, వెల్లకిలా పడుకుని, వంతెన పొట్ట మీద నడుస్తున్న కోటయ్యగారిని ఇప్పటికీ మరిచిపోలేను. చీకట్లోంచి వెలుగులోకి పడవ బయటపడగానే ఆయన లేచి కూర్చుని చిన్నపిల్లవాడిలా కేక పెట్టారు. మళ్ళీ ఎప్పుడు పోదాం అన్నారు.

మళ్ళీ మళ్ళీ పోవలసి వచ్చింది. ఖాళీ పడవ ఎగువకు పోయే ప్రతిసారీ మనుషుల బరువు కావాలి కదా! రెండోసారికి ఆడవాళ్ళు వచ్చారు. మూడోసారికి మేమంటే మేమని వంతులు వేసుకున్నారు. జీవితంలో పడవ ఎక్కని వాళ్ళు, వానలో తడుస్తూ, పడవ ఎక్కాలని రేవులో నిలబడ్డారు. అవును, రేవే. ఆవిడ వచ్చిన మొదటి రోజు వెతుక్కున్న రేవు ఆ పూటతో మా క్యాంపుకు ఏర్పడింది. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా!

దిగువకు వచ్చేటప్పుడు ప్రవాహమే తెస్తుంది, బస్తాల బరువుతో పడవ దానంతట అదే వంతెన కింద దూరుతుంది. కానీ మలుపుల్లో ముందు గెడ వెయ్యడానికి మాణిక్యమ్మ కావాలి. మరి వెనక చుక్కాని ఎవరు పట్టాలి? నా చేతిలో పెట్టింది. నాకు నీళ్ళంటే భయమని చెప్పాను. ధాన్యం ఎవరిదండి అని అడిగింది. వెళ్ళి వెనక కూర్చున్నాను. మొదటి మలుపులోనే చుక్కాని తిప్పాను, పడవ తిరగలేదు. కంగారుపడి ఇంకా తిప్పాను. అప్పుడు ఒక్కసారిగా తిరిగి గట్టును గుద్దింది. ఒక బస్తా జారి కాలువలో పడిపోయింది. తిడుతుందని చూశాను. చేపలు తింటాయిలే అని, గెడ పట్టుకునే వెనక్కి తిరిగింది.

"ముందుగా తిప్పు పిల్లా, తిప్పి ఆగు. పడవ మాట ఇంటాది గానీ ఎంటనే ఇనదు. ఒకటి, రెండు, మూడు అనుకో. ఈలోగా రెండోసారి తిప్పావంటే గట్టెక్కిద్ది."

అమ్మాయిగారు పోయి పిల్లా అయ్యాను. ఆ పిలుపు నాకెంత నచ్చిందో చెప్పలేను. రెండో మలుపులో ముందుగా తిప్పి, పళ్ళు బిగించి మూడు లెక్కపెట్టాను. పడవ వింది. అంత బరువు, అంత నీరు, నా మణికట్టు మాట విని మెల్లగా పక్కకు ఒరిగింది. పెళ్ళయిన ఐదేళ్ళలో నా మాట అలా విన్నది మరొకటి లేదు. సంతోషంతో కేక వేశాను. నీళ్ళ మీద ప్రేమ పుట్టడమంటే అదేనేమో, నాకు ఆ మలుపులో పుట్టింది. ఇక ఆ భయం మళ్ళీ నా దగ్గరికి రాలేదు.

మూడోనాడు మధ్యాహ్నం ఆఖరి తిరుగుడుకు బస్తాలు వేస్తుంటే, గట్టు వెంట మోకాళ్ళ దాకా బురదతో ఒక పెద్దాయన వస్తున్నారు. మా మామగారు. కొడుకును ఆసుపత్రిలో చూసి, బస్సు ఆగిపోయిన చోటినుంచి నడిచి వచ్చారు. ఆయన ముందు నేను ఎన్నడూ కూర్చుని ఎరగను, గొంతెత్తి ఎరగను. బస్తాల వంక చూడకుండానే, ఇక్కడ మనకు అచ్చిరాలేదమ్మా, సామాను సర్దుకో, బయల్దేరదాం అన్నారు. ముందు ఎక్కండి అని మాత్రం అన్నాను. ఇంకో మైలున్నర బురదలో నడిచే ఓపిక లేదు కనక ఎక్కారు. కోడలు వెళ్ళి చుక్కాని దగ్గర కూర్చోవడం చూసి మొహం తిప్పుకున్నారు.

వంతెన దగ్గరికొచ్చింది. ఆయన బస్తాల మీద గొడుగు పట్టుకుని నిటారుగా కూర్చున్నారు.

"మామయ్యగారూ, వెల్లకిలా పడుకోండి," అన్నాను. తనను కాదన్నట్టు అటూ ఇటూ చూశారు. వంతెన మా మీదికి వచ్చేస్తోంది. ఈసారి గట్టిగా అరిచాను. "పడుకోండి!"

పడుకున్నారు. గొడుగు ముడిచి గుండెల మీద పెట్టుకుని బుద్ధిగా పడుకున్నారు. నేను ముందుగా తిప్పి, చుక్కాని మీదికి వంగి మూడు లెక్కపెట్టాను. పడవ నడిమధ్యకు వచ్చి, గోడలకు ఎక్కడా తగలకుండా దూరింది. ఆ చీకట్లో, నీళ్ళ చప్పుడులో, ఎవరో నవ్వుతున్నారు. మా మామగారు నవ్వగా వినడం నాకదే మొదలు.

షెడ్డులో పేర్చిన బస్తాల మధ్య ఆయన చాలాసేపు తిరిగారు. ఒకదాంట్లో చెయ్యి పెట్టి చూశారు, చల్లగా ఉంది. ఈ పడవ పని ఎవరు నేర్పారమ్మా అని అడిగారు. మాణిక్యం అనబోయి ఆగాను. ఆవిడ గెడ కడుక్కుంటూ అక్కడే ఉంది.

"మా మాణిక్యమ్మ పిన్నండి," అన్నాను.

పిన్ని గెడ కడగడం ఆపి, మళ్ళీ కడగసాగింది. ఆ రాత్రి భోజనాల వేళ మామగారే వసారాలోకి వెళ్ళి, మాణిక్యమ్మగారూ లోపలికి రండి అని పిలిచి తన వరసలోనే పీట వేయించారు. సత్తు గ్లాసు మర్నాడు నేనే పారేశాను. ఆయన రెండ్రోజులుండి, రోజుకు రెండుసార్లు వెల్లకిలా వంతెన కింద దూరి వచ్చి, ఒంటరిగానే ఊరికి బయల్దేరారు. దారిలో ఆసుపత్రిలో కొడుకుతో, "నువ్వు తొందరపడి లేవకు. అక్కడ నీ అవసరం ఇప్పట్లో ఏమీ కనబడలేదు," అన్నారట. మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ మాట చెప్పుకుని నవ్వేవారు.

ఇంకో రెండేళ్ళు నడిచింది పడవ. తరవాత కంకర రోడ్డు పడింది, ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అందరూ దాన్ని మరిచిపోయారు. పిన్ని ఇక్కడే, మా ఇంట్లోనే కన్నుమూసింది. కొడుకులతో మాట పట్టింపు వచ్చినా, పొలం గొడవలొచ్చినా నేను చెప్పవలసింది ముందే ఒకసారి చెప్పి ఊరుకుంటాను. మనసులో మూడు లెక్కపెడతాను. రెండోసారి తిప్పను. నోటి దురుసు మనిషిని ఇంత మాత్రం నెమ్మది నేర్చానంటే అది ఆవిడ చలవే. ఇక మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే పుట్టిన ఊరి పేరు చెప్పడం నేను ఆ ఏడే మానేశాను. ఈ క్యాంపు పేరే చెబుతాను.