రాకెట్టు శబ్దంతో గడియారాలు కలిపిన చిన్నాయన

నిన్న మా మనవరాలు తన చేతి గడియారం తెచ్చి నా మణికట్టుకు కట్టింది. అది గంటకోసారి వణికి, లేచి నడవమని నన్ను గదమాయిస్తోంది. ముప్పై ఏళ్లు బళ్లో సైన్సు చెబుతూ ఊరి పిల్లలందర్నీ గదమాయించినదాన్ని, నన్నొకటి గదమాయించడమేమిటి! విప్పి బల్లమీద పడేశాను. పడేశాక మాత్రం మా చిన్నాయన గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. లోపల కదిలేదేమీ లేని వస్తువును ఆయన గడియారమని ఒప్పుకునేవాడే కాదు.

సూళ్లూరుపేటలో మిద్దె కింది గదిలో ఆయన రిపేరు షాపు. కీ ఇచ్చే గడియారాలకు అక్కడ ఒకటే జబ్బు. చుట్టుకున్న స్ప్రింగు బలం ఒక్కసారిగా విడిపోకుండా, పళ్లచక్రాన్ని ఒక బుల్లి కొక్కెం పట్టి వదులుతూ, మళ్లీ పట్టి వదులుతూ ఉంటుంది. మనకు వినిపించే టిక్ టిక్ అదే. ఎస్కేప్‌మెంట్ అంటారు. ఆ కొక్కెం చివర పొదిగిన బుల్లి రాళ్లు పళ్లమీద జారడానికి చుక్క నూనె కావాలి. మా ఉప్పుగాలికి ఆ నూనె కాస్తా జిగురైపోతుంది, గడియారం నత్తనడక మొదలుపెడుతుంది. "నూనె మార్చేదానికి నేనెందుకు పాపా? నూనే అక్కర్లేకుండా చెయ్యాల" అని, డెబ్బై ఎనిమిదో ఏట, పళ్లు రాళ్లను రాసుకోకుండా నెట్టి వదిలేసేటట్టు కొత్త చక్రం కోయడానికి కూర్చున్నాడు. రెండేళ్లకు పాడైన చక్రాలతో మాత్రల డబ్బా నిండింది. చిన్నమ్మ ఆ డబ్బా గలగలలాడించి, "చక్రాలకి ఇన్ని పళ్లు పెట్టినావు, నీ నోట్లో నాలుగన్నా మిగిల్నాయా?" అనేది. ఆయన బోసినోటితో హాయిగా నవ్వేవాడు.

ఈలోపు ఆయన అల్లుడు ఆ గదిలో ఫోన్ల షాపు పెట్టుకుంటానని వెంటపడ్డాడు. పోరు పడలేక చిన్నాయన మాటిచ్చేశాడు. పాత జేబు గడియారం ఒకదానికి కొత్త చక్రం బిగిస్తాడు. చుక్క నూనె లేకుండా ఒక రోజంతా నడవాలి. పది సెకన్లకు మించి తప్పిందా, షాపు అల్లుడిది. షాపు పోతే ఏం చేస్తాడు? కటకం కంటికి బిగించని చిన్నాయనను మేమెవరం ఎరగం.

పరీక్ష రాకెట్టుతో. శ్రీహరికోటలో రాకెట్టు లేచే టైం సెకన్లతో సహా ముందే చెబుతారు కదా. ఊరంతా పని వదిలేసి మిద్దెలెక్కితే, మా చిన్నాయన ఒక్కడే షాపులో తల వంచుకుని కూర్చునేవాడు. రాకెట్టు శబ్దానికి తలుపులు గడగడమన్న క్షణాన ముల్లు వాళ్లు చెప్పిన టైం మీద ఉండాలి, లేకుంటే అక్కడికి జరిపేవాడు. ఎన్నో ఏళ్లుగా ఊళ్లో గడియారాలు కలిపింది ఆ లెక్కనే. రాకెట్టును కళ్లారా చూడనేలేదు.

ముందు రోజు పొద్దున నా ఫోను చూసి జేబు గడియారం నేనే కలిపిపెట్టాను. మర్నాడు మిద్దెమీద నిలబడ్డాను. చెప్పిన టైముకే నిప్పు పైకి లేచింది. చప్పట్లు కొట్టేసి, ఫలితం వినాలన్న తొందరలో మోకాళ్లు పట్టుకుని మెట్లన్నీ దిగి, షాపు గడపలో కాలుపెట్టాను. అప్పుడు గడగడలాడాయి తలుపులు.

చిన్నాయన మెల్లగా కటకం తీసేశాడు. "యాభై ఆరు సెకన్లు ముందుకి పోయినాది పాపా. అల్లుడికి తాళం ఇచ్చెయ్."

ఆయన కటకాన్ని పెట్టెలో పెట్టి మూత వేయడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఓదార్చడానికి నోరు తెరిచి, అట్లాగే ఆగిపోయాను. నేను దిగి వచ్చేదాకా శబ్దం ఎందుకు రాలేదు?

"చిన్నాయనా, రాకెట్టు ఎప్పుడో పోయింది! నేను దాన్ని చూసి, చప్పట్లు కొట్టి, ఇన్ని మెట్లు దిగి వచ్చినా. ఇప్పుడొచ్చింది ఉత్త శబ్దం!"

కాగితం మీద లెక్క వేశాను. రాకెట్టు లేచే చోటు మాకు ఇంచుమించు పద్దెనిమిది కిలోమీటర్లు. ఒక్కో కిలోమీటరుకు శబ్దానికి మూడు సెకన్లు. యాభై నాలుగు. గడియారం తప్పింది రెండే రెండు సెకన్లు! ముప్పై ఏళ్లు ఇదే పాఠం చెప్పినదాన్ని, ఇంట్లోనే ఇది జరుగుతుంటే ఒక్కసారీ తట్టలేదు. సిగ్గేసింది.

చిన్నాయన కాగితం లాక్కుని అంకెల్ని వేలితో సరిచూసుకున్నాడు. "అంటే, ఈ ఊళ్లో నేను కలిపిన గడియారాలన్నీ..."

"నిమిషం వెనక" అన్నాను.

"అందుకా," అంది చిన్నమ్మ నడుం మీద చెయ్యేసుకుని, "పెళ్లయినకాణ్ణించి నాకు ఒక్క బస్సూ దొరికింది లేదు!"

కళ్లనీళ్లు కారేదాకా నవ్వుకున్నాం. తాళం తిరిగి చిన్నాయన జేబులోకి పోయింది.

మళ్లీ రాకెట్టు లేచిన రోజు ఆయన మొట్టమొదటిసారి మిద్దె ఎక్కాడు. ఈసారి వెలుగుతో సరిచూస్తానని, గడియారం అరచేతిలో తెరిచి పట్టుకున్నాడు. దూరంగా చెట్ల మీదుగా నిప్పు లేచింది. "అబ్బ! అబ్బబ్బ! ఇన్నేళ్లూ మీరు చూస్తా ఉండింది ఇదా!" అన్నాడు. శబ్దం వచ్చి కాళ్లకింద మిద్దె అదిరేదాకా రెప్ప వేయలేదు. ఆ తర్వాత ఉలిక్కిపడి అడిగాడు: "పాపా, ముల్లు యాడుండింది?"

నేనూ చూడలేదు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. బతుకంతా సెకన్లకు కాపలా కాసిన మనిషికి ఆ కాస్త కాలం లెక్కలో లేకుండా పోయింది. అంత నిండుగా గడిచిన కాలాన్ని నేను మళ్లీ చూడలేదు.