మైకులో మావారి పేరు

అరవయ్యో దశకం మొదట్లో మాట. నాకు పెళ్లయి నెల తిరగలేదు. దొరవారిసత్రం దగ్గర మా అత్తగారి ఊరి నుంచి మావారు నన్ను వెంకటగిరి చూపించడానికి తీసుకెళ్లారు. పాత కోట చూసి సంతలోకి వచ్చాం. నేత చీరల దగ్గర ఆగి నేను తలెత్తేసరికి ఆయన లేరు.

పొద్దు వాలేదాకా వెతికాను. ఆయన ముఖం సరిగా చూసే చనువు ఇంకా రాలేదేమో, తెల్లచొక్కా వేసుకున్న ప్రతివారూ ఆయనలాగే కనిపించారు. ఆఖరి బస్సు వెళ్లిపోతే ఈ పరాయి ఊళ్లో నా గతేమిటనుకుంటూ మైకు పెట్టి మందులమ్ముతున్న పెద్దాయన దగ్గరికెళ్లి ఏడ్చాను.

“మీ ఆయన పేరేందమ్మా? పిలుస్తా.”

భర్త పేరు పలకకూడదని అమ్మ నేర్పింది.

“పేరు చెప్పకుంటే ఎట్టా పిలిచేది? అవతల బస్సు పోతాది!”

మైకు లాక్కుని, “సుబ్బరామయ్యా! నేనీడున్నా, రాయ్యా!” అని గొంతు చించుకుని అరిచాను. సంతంతా గొల్లున నవ్వింది.

జనాన్ని తోసుకుంటూ ఆయన పరుగున వచ్చారు. కళ్లనిండా నీళ్లు. “ఈ ఊళ్లో బావులన్నీ తొంగి చూసినానే,” అన్నారు.

అందరూ చూస్తుండగానే ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నేను కనపడకపోతే అల్లాడిపోయే మనిషి ఒకరున్నారని నాకు తెలిసింది ఆ రోజే.